కెమేరా వెల తగ్గినది, కార్డు మాటేమిటి?

పండుగలు సమీపించగానే పత్రికలలోను, దుకాణముల ముంగిళ్లలోను కెమేరాల ప్రకటనలు వెలయుట ప్రతి సంవత్సరము మనము చూచుచున్నదే. నిన్నటిదాక లక్షన్నర పలికిన కెమేరా నేడు లక్షకే లభించునని చదివినప్పుడు ఛాయాగ్రహణమందు ఆసక్తి గల విద్యార్థి మనస్సు నిలువదు. మా కళాశాలలో చదివి వెళ్లినవారిలో కొందరు పెండ్లిండ్లకు, వలీమా విందులకు, పాఠశాలల వార్షికోత్సవములకు ఫొటోలు, వీడియోలు తీయుటనే జీవనోపాధిగా ఎన్నుకొన్నారు. వారికి కెమేరా వినోద వస్తువు కాదు. రైతుకు ఎద్దుల జత యెట్టిదో వారికి అది అట్టిది. చాలమంది అప్పు చేసి కొన్నవారే. “వెల తగ్గినది, ఇప్పుడు కొనవచ్చునా?” అని వారు మమ్ము అడుగునప్పుడు మేము మారుప్రశ్న వేయుచుందుము: “ఆ కెమేరా పొట్టలో ఏ కార్డు పట్టును?”

ఇది కొందరికి అల్పమైన ప్రశ్నగా తోచును. కాని ఆలోచించి చూడవలెను. కెమేరాకు లెన్సును మార్చవచ్చును, బ్యాటరీని మార్చవచ్చును, మెడకు వ్రేలాడు పట్టీని మార్చవచ్చును. కార్డు దూర్చు స్లాటును మాత్రము మార్చలేము. కొన్న నాడు ఏ స్లాటు ఉన్నదో, అమ్మిన నాడును అదే ఉండును. కావున తగ్గిన వెలను చూచి సంతోషించుటకు ముందు, ఆ కెమేరా తన జీవితకాలమంతయు మన చేత ఏ కార్డు కొనిపించునో తెలిసికొనుట అవసరము.

మొదట వెల ఎందుకు తగ్గునో చూతము. కెమేరా చెడినందువలన గాని, దాని గుణము తరిగినందువలన గాని వెల తగ్గదు. దానికి వారసుడు పుట్టినందువలననే సాధారణముగా తగ్గును. 2018లో నికాన్ సంస్థ జడ్ 6 అను కెమేరాను అమెరికాలో సుమారు 2,000 డాలర్లకు విడుదల చేసినది. 2020లో దాని రెండవ రూపమును కూడ అదే 2,000 డాలర్లకు విడుదల చేసినది. క్రొత్తది పాత వెలకే లభించునప్పుడు, పాతదానిని పాత వెలకు ఎవరు కొందురు? అందుచేత దాని వెల దిగక తప్పదు. 2024లో వచ్చిన మూడవ రూపము మాత్రము 2,500 డాలర్లకు ఎక్కి కూర్చున్నది. అనగా వరుసలో క్రొత్త తరము వచ్చిన ప్రతిసారి మెట్టు దిగునది పాత కెమేరాయే గాని, క్రొత్త కెమేరా కాదు.

మన దేశములో మరియొక కారణముచే కూడ వెల తగ్గిన సందర్భము కలదు. 2018 డిసెంబరు 22న సమావేశమైన వస్తు సేవల పన్ను మండలి డిజిటల్ కెమేరాలపై పన్నును 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గింపగా, అది 2019 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. పన్ను గాక లక్ష రూపాయలుండు కెమేరా లక్షా ఇరువది యెనిమిది వేల నుండి లక్షా పదునెనిమిది వేలకు దిగినదన్నమాట. ఇట్టి తగ్గింపు నిజమైన తగ్గింపు. క్రొత్తదానికిని పాతదానికిని సమానముగా వర్తించును. పండుగ తగ్గింపులలో అధిక భాగము ఇట్టివి కావు, నిలువ సరకును కదలించు ఉపాయములు. అందు తప్పేమియు లేదు, మనకు తెలిసి కొన్నంత వరకు.

ఇక, కెమేరాలు ఏటికేడు చౌక యగునను భ్రమ కూడ వలదు. సెల్‌ఫోను వచ్చి కెమేరా విపణిని మ్రింగివేసినది. జపాను కెమేరా తయారీదారుల సంఘమైన సిపా లెక్కల ప్రకారము 2010లో సభ్య సంస్థలు 12 కోట్లకు పైగా డిజిటల్ కెమేరాలను ఎగుమతి, పంపిణీ చేయగా, 2023లో ఆ సంఖ్య 80 లక్షలకు లోపునకు పడిపోయినది. కొనువారు తగ్గినప్పుడు తయారీదారులు చౌక కెమేరాలను విడిచి, ఎక్కువ వెల గల వానిపై దృష్టి నిలిపిరి. 2025లో అమెరికా దిగుమతి సుంకములు పెంచగా పలు సంస్థలు అక్కడ వెలలను పెంచినవి కూడ. కావున వెల తగ్గిన పాత నమూనాను కొనుట సామాన్యునికి తెలివైన మార్గమే. ఆ మార్గమున ఉన్న గోతిని చూపుటయే మా ఉద్దేశము.

ఆ గోయి క్రొత్తది కాదు. మన పెద్దలు ఆగ్ఫా క్లిక్ 3 కెమేరా కొన్న నాడు, దానికి 120 ఫిల్ము రోలే వేయవలెననియు, ఒక రోలుకు పండ్రెండు బొమ్మలే వచ్చుననియు ఎరిగియే కొన్నారు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమేరా కొన్నవారు ముప్పదియారు బొమ్మల లెక్కతో కొన్నారు. కెమేరా వెల ఒకసారి ఇచ్చునది, ఫిల్ము వెల ఎల్లప్పుడు ఇచ్చునది అను వివేకము వారికి సహజముగా ఉండెను. డిజిటల్ యుగములో ఆ వివేకము కొంత మరుగున పడినది. “కార్డు ఏదైన నేమి, అన్నియు ఒక్కటే కదా” అనుకొనుట పరిపాటి యైనది.

అన్నియు ఒక్కటి కావు. ఏల కావో తెలియవలెనన్న మిర్రర్‌లెస్ కెమేరా స్వభావమును కొంచెము తెలిసికొనవలెను. పూర్వపు ఎస్.ఎల్.ఆర్. కెమేరాలో లెన్సు వెనుక ఒక అద్దము ఏటవాలుగా నిలిచి, వెలుతురును పైనున్న చూపుగూటికి పంపెడిది. మీట నొక్కగానే ఆ అద్దము టప్పున పైకి లేచి, వెలుతురు ఫిల్ముపైన గాని సెన్సారుపైన గాని పడుటకు దారి ఇచ్చెడిది. మిర్రర్‌లెస్ కెమేరాలో ఆ అద్దము లేదు. సెన్సారు నిరంతరము దృశ్యమును గ్రహించి చిన్న తెరపై చూపుచుండును. 2008లో పానసోనిక్ సంస్థ జి 1 అను నమూనాతో ఈ తరగతికి నాంది పలికినది. 2013లో సోనీ ఎ 7తో పూర్తి పరిమాణపు సెన్సారు వచ్చినది. 2018లో నికాన్, కేనన్ సంస్థలు కూడ పూర్తి పరిమాణముతో ఈ మార్గమున దిగినవి. లేచి పడు అద్దము లేకపోవుటచే సెకనుకు పది, ఇరువది బొమ్మలు తీయుట సులభమైనది. అదే కెమేరా ఉత్తమమైన వీడియోను కూడ తీయగలుగుచున్నది. ఇంత ధారాళముగా వచ్చిపడు సమాచారమును పట్టవలసినది గోరంత కార్డు. చిక్కు అక్కడనే ఉన్నది.

దీనిని నీటితొట్టితో పోల్చి చెప్పుదము. కెమేరాలో బఫరు అను తాత్కాలికపు తొట్టి ఒకటి ఉన్నది. తీసిన బొమ్మ మొదట తొట్టిలో పడి, అచ్చట నుండి గొట్టము ద్వారా కార్డునకు పోవును. పైనుండి పడు ధార ఎక్కువై, క్రింది గొట్టము సన్ననిదైనచో తొట్టి నిండును. తొట్టి నిండిన క్షణమున కెమేరా ఆగిపోవును. మీట నొక్కినను పలుకదు.

లెక్క వేసి చూడవచ్చును. 24 మెగాపిక్సెళ్ల సెన్సారు ప్రతి పిక్సెలుకు 14 బిట్లు చొప్పున వ్రాసినచో ఒక రా చిత్రము 42 మెగాబైట్లగును. నష్టము లేకుండ కుదించినచో సుమారు 25 నుండి 30 మెగాబైట్లకు దిగును. సెకనుకు పది తీసినచో 300 మెగాబైట్ల ధార అనుకొందము. తొట్టి 1,000 మెగాబైట్లు పట్టుననియు, కార్డు సెకనుకు 80 మెగాబైట్లు త్రాగుననియు ఊహించినచో, నాలుగున్నర సెకనులకు తొట్టి నిండును. అదే కార్డు 250 మెగాబైట్లు త్రాగినచో ఇరువది సెకనులు పట్టును. కెమేరా అదే, లెన్సు అదే, పనివాడును అతడే, భేదమంతయు కార్డులోనిదే.

ఇంతమాత్రమున అందరికిని వేగవంతమైన కార్డు కావలెనని మేము చెప్పము. నిఖాలో సంతకములు చేయు దృశ్యమునకు గాని, కుటుంబ సభ్యుల నందరిని వరుసగా నిలిపి తీయు చిత్రమునకు గాని సెకనుకు పది బొమ్మలు ఎందులకు? తలంబ్రాలు పోయు వేళ వేరు. అక్కడ నవ్వు, బియ్యము, చేతులు అన్నియు ఒకేసారి గాలిలో ఉండును. కబడ్డీలో కూతకు వెళ్లినవానికి ముప్పది సెకనులే గడువు; పట్టుకొను క్షణమేదో ముందుగా తెలియదు. అట్టి పని చేయువానికి సన్నగొట్టపు కార్డు పనికిరాదు.

ఇప్పుడు కార్డుల విషయమునకు వత్తము. మన దేశమున ఎక్కువగా వాడుకలో ఉన్నది ఎస్.డి. కార్డు. 1999లో మత్సుషిటా, శాన్‌డిస్క్, తొషీబా అను మూడు సంస్థలు కలిసి దీనిని ప్రవేశపెట్టినవి. నిడివి 32, వెడల్పు 24, మందము 2.1 మిల్లీమీటర్లు. పరిమాణము మారకయే దీని లోపలి శక్తి పలుమార్లు పెరిగినది. మొదటి యు.హెచ్.ఎస్. మార్గము సెకనుకు 104 మెగాబైట్లను, 2011లో వచ్చిన రెండవ మార్గము 312 మెగాబైట్లను గరిష్ఠముగా పంపగలవు. రెండవ తరగతి కార్డును వెనుకకు త్రిప్పి చూచినచో బంగారు రంగు స్పర్శపట్టీలు ఒక వరుసకు బదులు రెండు వరుసలుండును. ముందువైపు రోమను అంకె ఒక గీతకు బదులు రెండు గీతలుండును. గుర్తించుట కష్టము కాదు. రెండవ తరగతి కార్డును మొదటి తరగతి స్లాటు గల కెమేరాలో వేసినను పనిచేయును, కాని మొదటి తరగతి వేగముతోనే. అట్లు చేయుట సన్నని గల్లీలో లారీ తోలుటయే; బాడుగ లారీకి, పని రిక్షాది.

కార్డు ముఖముపై అంకెలు పలు విధములుగా ఉండును. వానిలో మిక్కిలి పెద్దగా అచ్చువేసినది కొనువానికి మిక్కిలి తక్కువ ఉపయోగపడునది. 200 అనియో 300 అనియో కనిపించు ఆ అంకె సాధారణముగా చదువు వేగము. కార్డు నుండి కంప్యూటరునకు బొమ్మలను దించునప్పటిది. వ్రాయు వేగము దానికంటె తక్కువ. మనము వెదుకవలసినది మూలనున్న చిన్న ‘వి’ అక్షరము, దాని ప్రక్కనున్న అంకె. వి 30, వి 60, వి 90 అని ఉండును. సెకనుకు కనీసము అన్ని మెగాబైట్లు, మధ్యలో తగ్గక, ఎడతెగక వ్రాయగలనని కార్డు ఇచ్చు హామీ అది. గొప్పలు చెప్పు పెద్ద అంకె కంటె హామీ ఇచ్చు చిన్న అంకె నయము.

వీడియో తీయువారు మరియొక గందరగోళమును దాటవలెను. కెమేరా వివరములలో వీడియో ధారను మెగాబిట్లలో చెప్పుదురు. కార్డుపై వేగమును మెగాబైట్లలో చెప్పుదురు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున సెకనుకు 100 మెగాబిట్ల 4కె వీడియో అనగా 12.5 మెగాబైట్లు మాత్రమే. వి 30 కార్డునకు అది సులభమైన పని. గంటకు 45 గిగాబైట్లు నిండును. 400 మెగాబిట్ల వీడియో అనగా 50 మెగాబైట్లు. వి 60 కావలెను. 600 మెగాబిట్లనగా 75 మెగాబైట్లు. అప్పుడు వి 90 తప్పదు. దుకాణదారుడు “ఇది 400 వేగము, దీనికి చాల ఖరీదైన కార్డు కావలెను సార్” అన్నప్పుడు ఎనిమిదిచే భాగించుట మరువకూడదు. ఈ ఒక్క భాగహారము వేల రూపాయలు మిగుల్చును.

మరి ఎస్.డి. కార్డునకు ఎల్లయే లేదా? ఉన్నది. 2020లో కేనన్ సంస్థ తెచ్చిన ఆర్ 5 కెమేరా 8కె రా వీడియోను సుమారు 2,600 మెగాబిట్ల ధారతో తీయును. ఎనిమిదిచే భాగింపగా 325 మెగాబైట్లు. యు.హెచ్.ఎస్. రెండవ మార్గపు గరిష్ఠము 312 అని పైన చెప్పితిమి. పదమూడు మెగాబైట్ల తేడాలో ఎస్.డి. కార్డు ఓడిపోయినది. అందుచేతనే ఆ కెమేరాకు ఒక స్లాటు ఎస్.డి.ది, మరియొకటి సి.ఎఫ్.ఎక్స్‌ప్రెస్ బి తరగతిది పెట్టిరి. అదే సమయమున అదే సంస్థ తెచ్చిన ఆర్ 6 కెమేరాకు రెండు ఎస్.డి. స్లాటులే చాలినవి. 8కె రా వీడియో మీద మోజుతో ఆర్ 5 కొన్నవారు 512 గిగాబైట్ల కార్డు ఇరువది యారు నిమిషములలో నిండుటను కూడ లెక్కలో చేర్చుకొనవలెను. మన పెండ్లిండ్లలో వరుడు కారు దిగి మండపము చేరుటకే అంత కాలము పట్టును.

సి.ఎఫ్.ఎక్స్‌ప్రెస్ అనునది కంప్యూటరు లోపలి వేగవంతమైన డిస్కునకు దగ్గరి చుట్టము. ఆ డిస్కులు వాడు పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ మార్గమునే ఇదియు వాడును. ఇందు ఎ, బి, సి అని మూడు పరిమాణములున్నవి. మిర్రర్‌లెస్ కెమేరాలలో మనకు తగులునవి మొదటి రెండే. ఎ తరగతి కార్డు ఎస్.డి. కంటె చిన్నది, 20కి 28 మిల్లీమీటర్లు, కాని కొంచెము మందము. బి తరగతిది పెద్దది, సుమారు 38కి 30 మిల్లీమీటర్లు. 2019 నాటి ప్రమాణము ప్రకారము ఎ తరగతికి సెకనుకు 1,000, బి తరగతికి 2,000 మెగాబైట్లు సిద్ధాంతరీత్యా గరిష్ఠ వేగము. 2023లో వచ్చిన 4.0 ప్రమాణము వీనిని రెట్టింపు చేసినది. అయితే 2019 ప్రమాణపు కెమేరాలో 2023 ప్రమాణపు కార్డు వేసినచో పాత వేగమే వచ్చును. పాత కెమేరాకై క్రొత్త కార్డు కొనువారు దీనిని గమనింపవలెను. ఒక తరగతి కార్డు మరియొక తరగతి స్లాటులో పట్టదు.

ఈ కార్డులలో కూడ పెద్ద అంకెల మోసము లేకపోలేదు. కొన్ని చౌకరకపు కార్డులు మొదటి కొన్ని సెకనులు మెరుపువలె వ్రాసి, లోపలి వేగవంతమైన భాగము నిండగానే చతికిలబడును. వీడియోకు కొనునప్పుడు ఎడతెగని కనీస వ్రాత వేగమెంతో చెప్పిన కార్డునే, వి.పి.జి. 200 లేక వి.పి.జి. 400 అను హామీ గల కార్డునే కొనుట క్షేమము.

ఎ తరగతిని ముఖ్యముగా ఆదరించినది సోనీ సంస్థ. 2020 నాటి ఎ 7 ఎస్ 3లో ఒకే స్లాటు ఎస్.డి. కార్డును గాని, ఎ తరగతి కార్డును గాని పట్టునట్లు నిర్మించిరి. ఇది మాకు మిక్కిలి నచ్చిన ఏర్పాటు. ఇంటనున్న ఎస్.డి. కార్డులతో పని మొదలుపెట్టి, సంపాదన పెరిగిన పిదప వేగవంతమైన కార్డునకు మారవచ్చును; కెమేరా మనలను తొందరపెట్టదు. 2021లో వచ్చిన ఎ 7 నాలుగవ రూపమునకు ఒక స్లాటే అట్టిది, రెండవది ఎస్.డి. మాత్రమే. అయితే తయారీదారులు చాలకాలము కొద్దిమందే యుండుటచే ఎ తరగతి కార్డులు గిగాబైటుకు లెక్క చూచినచో బి తరగతి కంటె ప్రియముగానే అమ్ముడుపోయినవి.

బి తరగతి కథలో నికాన్ ఉదాహరణము చెప్పుకొనదగినది. వెల తగ్గిన కెమేరాను కొనువారు ఎక్కువగా చిక్కుపడు స్థలము ఇదే. 2018 ఆగస్టులో ప్రకటించిన జడ్ 6, జడ్ 7 కెమేరాలకు ఒక్కటే స్లాటు, అదియు ఎస్.డి.ది కాక ఎక్స్.క్యూ.డి. అను కార్డుది. 2012లో నికాన్ డి 4తో వచ్చిన ఆ కార్డు గట్టిది, వేగవంతమైనది, కాని దానిని తయారుచేయువారు కొద్దిమందే. కెమేరా బాగుగా ఉన్నదని మెచ్చినవారే స్లాటును చూచి పెదవి విరిచిరి. ఎక్స్.క్యూ.డి. కొలతలు బి తరగతి కొలతలు ఇంచుమించు ఒక్కటే యగుటచే, 2019 డిసెంబరులో సాఫ్ట్‌వేర్ మార్పు ఒకటి విడుదల చేసి అదే స్లాటులో సి.ఎఫ్.ఎక్స్‌ప్రెస్ పనిచేయునట్లు చేసిరి. ఇది కొన్నవారి అదృష్టము. స్లాటు మారలేదు గాని దాని భాష మారినది. 2020లో వచ్చిన జడ్ 5కు రెండు ఎస్.డి. స్లాటులు, జడ్ 6 రెండవ రూపమునకు బి తరగతిది ఒకటి, ఎస్.డి.ది ఒకటి ఇచ్చిరి. ప్రజల అభిప్రాయమును సంస్థ విన్నదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

మొదటి జడ్ 6 సెకండ్‌హ్యాండులో నేడు చౌకగా లభించును. బొమ్మ నాణ్యములో నేటికిని వంక పెట్టుటకు లేదు. నేర్చుకొనుటకు కొను విద్యార్థికి మేము సందేహింపక సరియనుదుము. కాని దానితో పాటు ఒక బి తరగతి కార్డు, దానికి వేరుగా ఒక కార్డు రీడరు కొనవలెను. ఇంటిలోని ల్యాప్‌టాపునకు ఉన్న ఎస్.డి. స్లాటు దీనికి పనికిరాదు. పాత సాఫ్ట్‌వేర్ తోనే ఉన్నదేమో చూచి, అమ్మువాని యెదుటనే మార్పించుకొనవలెను. జడ్ 5 వెల దానికంటె నాలుగు వేలు ఎక్కువైనదని అనుకొందము. కార్డు, రీడరు కలిపి లెక్కించినచో తుదకు జడ్ 5యే చౌక కావచ్చును. వేగము కావలసినవానికి ఈ లెక్క తలక్రిందులగును.

పెండ్లి పని చేయువానికి మాత్రము ఒకే స్లాటు గల కెమేరాను, వెల ఎంత తగ్గినను, మేము సిఫారసు చేయము. కార్డు ముందుగా చెప్పి చెడదు. కూరగాయల దుకాణములో త్రాసు చెడినచో మరునాడు బాగుచేయించవచ్చును. ఒక ఆడపిల్ల అప్పగింతల దృశ్యము పోయినచో దానిని మరల జరిపించుట ఎవరి తరము? రెండు స్లాటులుండి, రెంటిలోను ఒకేసారి వ్రాయునట్లు అమర్చుకొన్నవానికి ఒక కార్డు పోయినను రెండవది మిగులును.

అట్లు అమర్చుకొన్నప్పుడు ఒక నియమము మరువరాదు. రెండు కార్డులకు ఒకే బొమ్మ వ్రాయునప్పుడు నెమ్మదియైన కార్డు వేగమే కెమేరా వేగమగును. రెండెడ్ల బండిలో బక్క ఎద్దు నడకే బండి నడక. మొదటి స్లాటులో వేల రూపాయల సి.ఎఫ్.ఎక్స్‌ప్రెస్ పెట్టి, రెండవ స్లాటులో పాత ఫోను నుండి తీసిన కార్డును అడాప్టరుతో దూర్చినవాడు మొదటిదాని వెలను నీటిపాలు చేసినవాడే. అంత డబ్బు లేనప్పుడు మొదటిదానిలో రా చిత్రములను, రెండవదానిలో తేలికయైన జేపెగ్ చిత్రములను వ్రాయించుట మధ్యేమార్గము. 2023లో వచ్చిన నికాన్ జడ్ ఎఫ్‌లో రెండవ స్లాటు మైక్రో ఎస్.డి.ది. ముచ్చటైన కెమేరాయే గాని, పెండ్లి సందడిలో గోటియంత కార్డును వ్రేళ్లతో ఊడదీసి జాగ్రత్తపరచుట ఎట్లో మాకు అర్థము కాలేదు.

ఎంత నిలువశక్తి గల కార్డు కొనవలెననుట తేలికయైన లెక్కయే. రా, జేపెగ్ కలిపి బొమ్మకు 40 మెగాబైట్లనుకొన్నచో, మూడు వేల బొమ్మల పెండ్లికి 120 గిగాబైట్లు కావలెను. 128 గిగాబైట్ల కార్డులు స్లాటునకు ఒకటి చొప్పున వేసి, జేబులో ఒకటి అదనముగా ఉంచుకొన్నచో సరిపోవును.

వెలల విషయమున నేటి విపరీతమొకటి చెప్పవలసియున్నది. చాల సంవత్సరములు కెమేరాలకంటె వేగముగా కార్డుల వెల పడిపోవుచుండెను. కావున కార్డు ఖర్చును ఎవరును లెక్కింపకుండిరి. 2025 చివరి నెలల నుండి గాలి తిరిగినది. కృత్రిమ మేధ కొరకు నిర్మించుచున్న పెద్ద డేటా కేంద్రములు మెమరీ చిప్పులను పెద్దయెత్తున కొనుటచే ఫ్లాష్ మెమరీ వెల ప్రపంచమంతట పెరిగినది. కెమేరా దేహముపై తగ్గింపు ప్రకటించిన దుకాణములోనే కార్డునకు నిరుటికంటె ఎక్కువ అడిగినచో, దుకాణదారుని మీద కోపగించుట న్యాయము కాదు. వెల అడుగునప్పుడు మాత్రము కెమేరాది విడిగా కాక, కెమేరా, రెండు కార్డులు, రీడరు కలిపి అడుగవలెను. రెండు దుకాణములను, రెండు నమూనాలను అట్లే పోల్చవలెను. కెమేరాతో ఉచితమని ఇచ్చు కార్డు వేగమును చూడక దానిని లెక్కలో చేర్చరాదు. వారంటీ లేని దొంగచాటు సరకును చౌకయని చూపువారును ఉన్నారు. మన దేశపు వారంటీ పత్రము, పన్ను బిల్లు రెండును చేతికి వచ్చునా అని ముందే అడుగవలెను.

వెల పెరిగిన చోట నకిలీ ప్రబలుట లోకరీతి. నకిలీ కార్డు చేయు మోసము చాల సూక్ష్మమైనది. లోపల 16 గిగాబైట్ల చిప్పు పెట్టి, 256 గిగాబైట్లు కలవని కెమేరాకు చెప్పునట్లు దాని నియంత్రకమును మలచుదురు. కెమేరా నమ్మును. మొదటి కొన్ని వందల బొమ్మలు చక్కగానే వచ్చును. అసలు చోటు నిండిన పిదప క్రొత్త బొమ్మలు పాతవాని మీద పడునో, లేక ఎక్కడను వ్రాయబడక పేరు మాత్రము మిగులునో చెప్పలేము. ఇంటికి వచ్చి తెరచి చూచువరకు ఏమియు తెలియదు. దీనికి మందు ఒక్కటే. క్రొత్త కార్డును ఏ పనికిని వాడకమునుపే పూర్తిగా నింపి, తిరిగి చదివించి సరిచూడవలెను. హెచ్ 2 టెస్ట్ డబ్ల్యు, ఎఫ్ 3 అను ఉచిత సాఫ్ట్‌వేరులు కంప్యూటరుపై ఈ పనిని చేయును. పెద్ద కార్డునకు కొన్ని గంటలు పట్టవచ్చును. రాత్రి పెట్టి పరుండినచో తెల్లవారుసరికి ఫలితము తెలియును. కార్డును తిరిగి ఇచ్చు గడువు లోపలనే ఇది జరుగవలెను.

పరీక్షలో నెగ్గిన కార్డును కంప్యూటరులో కాక కెమేరాలోనే ఫార్మాట్ చేయవలెను. ఏ కెమేరాలో వాడదలచితిమో ఆ కెమేరాలోనే. పొరపాటున బొమ్మలు చెరిపివేసినచో ఆ కార్డుపై మరి యొక్క బొమ్మయైనను తీయక వెంటనే బయటకు తీసి పెట్టినచో, తిరిగి రాబట్టు సాఫ్ట్‌వేరులు చాలవరకు రక్షించును. క్రొత్త బొమ్మ పాతదాని చోటున పడిన పిదప ఎవరును ఏమియు చేయలేరు. గుర్తు కొరకు కార్డుపై కాగితపు చీటీ అంటించు అలవాటు కొందరికి కలదు. చీటీ స్లాటులో ఊడి ఇరుక్కొనును. సన్నని సిరాకలముతో అంకె వేసికొనుట చాలును. ఎస్.డి. కార్డు ప్రక్కనున్న చిన్న తాళపు మీట దూర్చునప్పుడు జారి క్రిందికి వచ్చినచో, కార్డు తాళము వేయబడినదని కెమేరా చెప్పి పని నిలిపివేయును; అట్టి సమయమున కంగారుపడక కార్డును తీసి మీటను పైకి జరిపి మరల పెట్టవలెను. సి.ఎఫ్.ఎక్స్‌ప్రెస్ బి తరగతి కార్డులకు ఇట్టి మీట లేదు.